అక్కర్లేని చప్పుడు

ఆదోనిలో ఉండే మా తమ్ముడు తిప్పేస్వామి ఎమ్మిగనూరు వచ్చి, నా పూజ ముగిసేదాకా కూడా ఆగకుండా ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. పోయిన మా నాయన పాడిన కల్యాణి రాగం కీర్తన. ఉన్న ఒక్క క్యాసెట్టునూ వాడే తీసుకుపోయి ఫోనులోకి ఎక్కించాడు.

"వెనక మగ్గం చప్పుడంతా తీసేసినానక్కా. చెవికి అక్కర్లేనిది పోయి, పాట రెండు ఎంబీకి దిగింది. ఎట్లుంది?"

"చప్పగా ఉంది."

"నీకేం తెలుస్తాదిలే! గంట కొట్టుకునే చెవులు నీవి" అని నవ్వాడు.

వాడు కచేరీలకు పోయి ముందు వరుసలో తల ఊపుతాడు. ఆ తలకు చెవులున్నాయో లేవోనని నాకెప్పుడూ అనుమానమే.

"క్యాసెట్టు యాడప్పా?"

"బూజు పట్టింటే పారేసినా. అయినా నాయనకు తాళం సరిగా రాదక్కా. చరణంలో చూడు, ఊరికే ఆగిపోతాడు."

"ఆడ పోగు తెగింది. ముడేసేదాకా ఆగినాడు."

"నేస్తా పాడినాడా?"

"నాయన మగ్గం ఎక్కిందెప్పుడు? చీరలు మోసుకొని ఊర్లు తిరిగేటోడు. ఇంట్లో ఉన్నరోజు అమ్మ పక్కన కూర్చొని, ఆ మగ్గం దెబ్బకు పాడేటోడు. నేసింది అమ్మప్పా."

అమ్మ పోయేనాటికి వాడికి మూడు నెలలు. ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు.

వాడు పాటను మొదటికి జరిపి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. నాయన ఒక్కడే పాడుతున్నాడు.