అమ్మ చేతి బిళ్ళ

ఈరోజు మధ్యాహ్నం ఇంట్లో నలుగురం ఉన్నాం: నాయనమ్మ, బాబాయి, అమ్మ, నేను.

ఇప్పుడు ఊళ్ళో అందరి మణికట్టుకూ ఆకలి బిళ్ళ ఉంది. ఆకలి లేకుండా ముద్ద ఎత్తితే పేరు పెట్టి పిలిచి చెబుతుంది. మా ఇంట్లో అది పిలిచేది నన్నే. నేను తొమ్మిది కిలోలు తగ్గాలి. నాకు ఎప్పుడూ ఆకలిగానే ఉంటుంది, బిళ్ళ మాత్రం అందులో సగం దిగులంటుంది. అందుకే అమ్మ అన్నం గిన్నె దాచేస్తుంది. తనకైతే అసలు ఆకలే వేయదంటుంది.

భోజనాలయ్యాక వరండాలో లెక్కలు చేసుకుంటున్నాను. వంటింట్లో బిళ్ళ మోగింది.

"ఒసే మణీ, మళ్ళీ నువ్వేనా? ఇందాకే కదే తిన్నావు" అంది నాయనమ్మ పడగ్గదిలోంచి.

"అరిచీ అరిచీ దాని బిళ్ళకి గొంతు పోద్దేమో" అని బాబాయి నవ్వాడు.

"మంగతాయారు గారూ, ఇది ఆకలి కాదు, దిగులు" అంది బిళ్ళ.

బాబాయి నవ్వు ఆగిపోయింది. మా ఇంట్లో అమ్మను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆ పేరు ఎవరిదో ఒక్క క్షణం నాకే తట్టలేదు.

లేచి వెళ్ళాను. అమ్మ నిలబడి గిన్నె అడుగున మాడిన అన్నం గీరి తింటోంది. చెయ్యి కాలిందంటూ రోజూ మణికట్టుకు చుట్టుకునే గుడ్డ కింద పడి ఉంది.

"నీకేం దిగులమ్మా?" అన్నాను.

"దిగులేంటే? పోయి లెక్కలు చేసుకో" అంది నోట్లో ముద్దతోనే.

నేను కదల్లేదు.

"మంగతాయారు గారూ" అని బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మ ఆ చేతిని కడుపుకు అదుముకుని, రెండో మోచేత్తో నా ముఖం మీదే తలుపు వేసేసింది.