దొరకని డిస్కులు

ఆదివారం పొద్దున్నే కూతురి లాప్‌టాప్ ముఖం నల్లగా పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఒక్క తెల్ల గీత మాత్రం కొన ఊపిరిలా కొట్టుకుంటోంది.

కూతురు ఇళ్లకి ప్లాన్లు గీస్తుంది. ఆరు వారాలుగా గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. సోమవారం పది గంటలకల్లా అప్పగించాలి. ఆ అమ్మాయికి సొంతంగా దొరికిన మొదటి పని ఇది.

తల్లి అప్పుడే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది. పని పోతుంది, పేరు పోతుంది, పిల్ల బెంగతో మంచం పడుతుంది. రాబోయే మూడేళ్ల కష్టాలన్నీ ఆవిడ పది నిమిషాల్లోనే అనుభవించేసింది.

"మెకానిక్‌కి ఫోన్ చేశాను, నువ్వు కాస్త కూర్చోమ్మా," అంది కూతురు. "సిస్టమ్ మొత్తం మళ్లీ వేయాలట. కొన్నప్పుడు రెండు డిస్కులిచ్చారు కదా, అవి తీసి పెట్టమన్నాడు. అవి ఉంటే గంట పనేనట."

కూర్చోబోయిన తల్లి మళ్లీ లేచి నిలబడింది.

తండ్రి మాత్రం ధీమాగా లేచాడు. ఆయన ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఇంట్లో కళ్లజోడు మాత్రం రోజుకి నాలుగుసార్లు వెతుక్కుంటాడు. డిస్కులు తన బీరువాలో, గ్యారంటీ కాగితాల కవర్లో పెట్టానన్నాడు. కవరుంది. కాగితాలున్నాయి. డిస్కులు లేవు.

ఇక ఇల్లంతా తిరగేశారు. అందరికన్నా ముందు నడుం బిగించింది తల్లే. మంచాల కింద దూరింది. చెప్పుల పెట్టెలు బోర్లించింది. అటక మీది సూట్‌కేసులు దింపించి, వాటి లోపలి జేబులు కూడా తడిమింది. కూతురి పాలపన్ను దాచిన డబ్బా బయటపడింది. ఆయన ఎప్పుడో పోగొట్టుకున్న కళ్లజోడు బయటపడింది. డిస్కులు తప్ప అన్నీ దొరికాయి.

"బాల్కనీలో పాత అల్మరా ఉందిగా," అంటూ తండ్రి అటు నడిచాడు.

"ఆ తలుపు తీయకండి, పావురాలు లోపలికొస్తాయి." తల్లి అడ్డంగా నిలబడింది. "అక్కడ నేను చూశాను లెండి."

పావురాలంటే ఆవిడకి ప్రాణభయం. వాటి రెట్టల్లోంచి రోగాలొస్తాయని ఎక్కడో చదివిన రోజే బాల్కనీ తలుపు మూసి తెర లాగేసింది. మొక్కలకి నీళ్లు పోయడానికి తను తప్ప మరొకరు అందులో కాలు పెట్టడానికి వీల్లేదు. ఆయన వెనక్కి తగ్గాడు.

"తప్పు నాదే తల్లీ," అన్నాడు కూతురితో. "ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాను."

ఇలాంటప్పుడు ఊరుకునే ఇల్లాలు కాదావిడ. కిందటేడు ఆయన బస్సులో వదిలేసిన గొడుగు గురించి మొన్నటికి మొన్న కూడా దెప్పింది. ఈసారి పల్లెత్తు మాట అనలేదు. పైగా అడక్కుండానే రెండో కప్పు కాఫీ తెచ్చిచ్చింది. ఆయన కప్పు వంకా, ఆవిడ వంకా చూసి, పరిస్థితి తాననుకున్న దానికన్నా ఘోరంగా ఉందని అర్థం చేసుకున్నాడు.

మెకానిక్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. జేబులో స్క్రూడ్రైవర్లు, ముఖం నిండా నిదానం.

"డిస్కుల్లేకపోతే బతుకుతుందా బాబూ?" అని అడిగింది తల్లి.

అతను నవ్వాడు. ముందు హార్డ్ డిస్కు బయటికి తీసి అమ్మాయి గీసినవన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకుంటానన్నాడు. కంపెనీ సైట్లోంచి సిస్టమ్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే వచ్చానన్నాడు. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదుండే నంబరొక్కటి కావాలి, అది చెరిగిపోయుంటేనే చిక్కన్నాడు.

"అయితే ఆ డిస్కులు ఇక అక్కర్లేనట్టేనా? ఎప్పటికీ?"

"ఎప్పటికీ అక్కర్లేదమ్మా."

ఈ ప్రశ్న ఆవిడ మరో మూడుసార్లు అడిగింది.

స్క్రూలు కనపడటం లేదు, బాల్కనీ వైపు తెర కాస్త జరపమన్నాడు మెకానిక్. ఎండ తగిలితే మిషన్ పేలుతుందేమోనంటూ ఆవిడ గదిలో లైట్లన్నీ వేసి, టార్చి కూడా తెచ్చి పట్టుకుని నిలబడింది.

అతను లాప్‌టాప్ బోర్లించాడు. స్టిక్కర్ మీద పారదర్శకమైన టేపు నీటుగా అంటించి ఉంది.

"ఇదెవరు అంటించారో గానీ దండం పెట్టాలి," అన్నాడు. "ఎనిమిదేళ్ల మిషన్ మీద ఇంత స్పష్టంగా నంబరు నేనెప్పుడూ చూళ్లేదు."

"చెరిగిపోతుందేమోనని భయమేసి కొన్నరోజే అంటించాను," అంది తల్లి నెమ్మదిగా.

ఫైళ్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. అరవై శాతం దగ్గర కాసేపు ఆగితే ఆవిడ ఊపిరి కూడా ఆగింది. నాలుగు గంటలకి లాప్‌టాప్ వెలిగింది. ప్లాన్లన్నీ తెరిచి చూసుకున్న కూతురు తల్లి మెడ చుట్టూ చేతులేసింది.

మెకానిక్ పెన్‌డ్రైవ్‌ని తండ్రికి అందించబోయాడు. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుంది, భద్రంగా దాచుకోమన్నాడు.

తండ్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకొద్దు బాబూ. మా ఆవిడకివ్వు. ఆవిడ చేతిలో పడ్డ వస్తువు పోదు."

తండ్రీ కూతుళ్లు మెకానిక్‌ని సాగనంపడానికి కిందికి దిగారు.

మెట్ల మీద వాళ్ల మాటలు సద్దుమణిగేదాకా ఆగి, ఆవిడ కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, పోయిన వేసవి నుంచి టమాటా మొక్కల మీద తళతళా తిరుగుతూ ఒక్క పావురాన్నీ వాలనివ్వకుండా కాపలా కాసి, ఎండకీ వానకీ పొరలు లేచిపోయిన ఆ రెండు డిస్కుల దారాలూ తెంపింది.