గోడ మీద గాజుపలక

ఆ ముసలాయన గోడకి గాజుపలక ఎందుకు అతికించాడన్న అనుమానం తాళాలాయనకి తొమ్మిదేళ్లుగా తీరలేదు.

ఊళ్లోని పాత ప్రార్థనా మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. మందిరం వెనక గోడే ఆయన ఇంటికీ గోడ. దాని మీద 'రక్షిత కట్టడం' అని ప్రభుత్వం వారి బోర్డు. అనుమతి లేనిదే మేకు కూడా కొట్టకూడదు.

తొమ్మిదేళ్ల క్రితం ఓ బక్కపలచటి ముసలాయన గుడ్డసంచీతో వచ్చాడు. మందిరం వైపు గోడలోని పగులుకి అడ్డంగా వేలెడంత గాజుపలక పెట్టి, రెండు చివరలా సున్నంతో అతికించాడు. పక్కనే తేదీ వేశాడు.

"ఏ ఆఫీసండీ తమరిది?"

"ఆఫీసేం కాదు బాబూ. గోడ చూసుకుందామని వచ్చాను."

"మా గోడ మీకెందుకు? గుర్తింపు కార్డేదీ?"

ముసలాయన నవ్వి, సంచీలోంచి ఓ పోస్టుకార్డు తీశాడు. దాని మీద ఆయన చిరునామా ముందే రాసి ఉంది.

"నా దగ్గరున్న కార్డు ఇదొక్కటే. గోడ కదిలితే గాజు పగులుతుంది. పగిలిన రోజు నుంచి ఈ గోడవారన ఎవర్నీ పడుకోనివ్వకు. నాకీ కార్డు రాసి పడెయ్యి. రాస్తావు కదూ?"

"సరే" అన్నాడు తాళాలాయన, మనిషి కదిలితే చాలని.

తాళాలాయన నేస్తం, ఎదురు కొట్టు దర్జీ ఆ కార్డుని తిప్పి తిప్పి చూశాడు.

"రాశావో, చచ్చావే! గోడ పాడైందని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు. మర్నాడే ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వస్తుంది."

"మరి ఆ గాజు?"

"గుర్తు పెట్టుకున్నాడు, ఎక్కణ్ణుంచి పడగొట్టాలో."

పీకేద్దామంటే రక్షిత కట్టడం. పెట్టినవాడి మాటెలా ఉన్నా, పీకినవాణ్ణే పట్టుకుంటారు.

కార్డు ప్రార్థన పుస్తకంలోకి చేరింది.

ముసలాయన ఏటా వానలకి ముందు వచ్చేవాడు. గాజుని వేలితో తడిమి, నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. నిచ్చెన అడిగితే తాళాలాయన లేదన్నాడు. మంచినీళ్లు మాత్రం ఆయన భార్య ఇచ్చింది.

"పాపం, పెద్దాయన్ని గుమ్మంలోనే నిలబెట్టేస్తారేమిటండీ?"

"నీకు తెలీదు. లోపలికి రానిస్తే గదులు కొలుస్తాడు."

ఈ ఏడు ముసలాయన రాలేదు.

"చూశావా! ఎక్కడో దొరికిపోయుంటాడు" అన్నాడు దర్జీ.

వానలు పట్టుకున్న నాలుగో రోజు చూస్తే, గాజు నడిమికి పగిలి ఉంది.

తాళాలాయన దర్జీ కొట్టుకి పరుగెత్తి చెప్పాడు. ఆ గోడకి ఇంటివైపు అత్తగారి మంచం.

"అత్తగారి మంచమేగా! నీకెందుకంత కంగారు?" నవ్వాడు దర్జీ.

తాళాలాయన నవ్వలేదు. ఇంటికొచ్చి భార్యని కేకేసి, మంచం ఓ పక్క ఎత్తాడు.

"ఎక్కడికి మోసుకుపోతున్నారు అల్లుడుగారూ? నేనింకా బతికే ఉన్నాను!"

"మా గదిలోకి అత్తయ్యా."

"మరి మీరో?"

"వసారాలో పడుకుంటాం."

మూడో రోజు మధ్యాహ్నం ఆ గోడ గదిలోకి కూలింది. మంచం ఉన్న చోట నడుమెత్తున రాళ్లు.

అధికారులు వచ్చారు. రక్షిత కట్టడం కాబట్టి గోడ తామే కట్టిస్తామన్నారు. ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. గుడ్డసంచీ ముసలాయన గురించి అడిగితే, అలాంటివాడు తమ దగ్గర ఎవడూ లేడన్నారు.

ఆ రోజు తాళాలాయన ప్రార్థనకి పుస్తకం తెరిస్తే, ఆ పోస్టుకార్డు కనిపించింది. ఇన్నేళ్లూ "మా ఇంటిని కాపాడు తండ్రీ" అని రోజూ అడిగాడు. తీరా కాపాడేవాడు గుమ్మంలోకి వస్తే, గుర్తింపు కార్డు అడిగాడు.

పుస్తకంలోంచి పోస్టుకార్డు తీసుకుని బస్సెక్కాడు.

ఆ చిరునామాలో తలుపు తీసిన ముసలాయన కూతురు, కార్డు చూసి ఆయన ఏ ఊరివాడో పోల్చుకుంది.

"నాన్న పోయి అయిదు నెలలైందండీ."

లోపల గోడకి పాత ఫోటో. కర్రల పరంజా మీద, చేతిలో తాపీతో ఓ యువకుడు. వెనక కనిపిస్తున్నది తమ ఊరి మందిరమే.

"మీ నాన్నగారు ఇంజనీరనుకున్నానమ్మా."

"ఇంజనీరా! కంట్రాక్టరు తొందరపెడితే, మీ సున్నపు గోడకి సిమెంటు పూసింది ఆయనేనండీ. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోక గోడ లోలోపలే కుళ్లుతుందని తర్వాతెప్పుడో తెలిసింది. ఎవరికి చెప్పినా వినలేదు. పోయే రోజు కూడా 'కార్డు వచ్చిందా?' అనే అడిగారు."

తాళాలాయన అక్కడే చతికిలబడి, తొమ్మిదేళ్లనాటి ఆ కార్డు మీద "గాజు పగిలింది. గోడ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు" అని రాసి, తాను పూసిన గోడకి చివరిదాకా కాపలా కాసిన ఆ తాపీమేస్త్రీ ఫోటో కింద పెట్టాడు.