సంచీలో కూత

యాంటెన్నా సరిగ్గా పైడిరాజు గుండెకెదురుగా వచ్చి ఆగింది. కాలేజీలో పరిశోధన చేసే కిరణ్మయి చేతిలో ఉన్న, తరంగాలు పసిగట్టే పెట్టె కీచుమంది.

"జేబులు ఖాళీ చెయ్యండి మావయ్యా."

"మూడోసారి పాపా ఇది. ఒట్టు, నాకాడ ఏటీ నేదు."

బీడీకట్ట, అగ్గిపెట్టె, దువ్వెన తీసి బల్ల మీద పెట్టాడు.

గేటు వెనక మైదానంలో పెద్ద తెల్లటి గిన్నె ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. కాలేజీ వాళ్ళ రేడియో టెలిస్కోపు. చుక్కల నుంచి వచ్చే తరంగాలను పట్టుకుంటుంది. అవి ఎంత సన్నవంటే, పక్కన ఒక్క ఫోను మేలుకుని ఉన్నా మునిగిపోతాయి. అందుకే లోపలికి వెళ్ళేవాళ్ళ ఫోన్లు, చేతి గడియారాలు, కారు తాళాలు తీసుకుని ఇనప బీరువాలో పెట్టడం పైడిరాజు పని. రైల్వే వర్క్‌షాపులో సీట్లు కుట్టి రిటైరైన మనిషి. ఎవరి వస్తువు ఏదో గేటు పుస్తకంలో తెలుగులోనే రాస్తాడు, కుట్టు వేసినట్టు దగ్గర దగ్గర అక్షరాలతో. ఒకసారి పెద్ద సారు గడియారమే విప్పించాడు.

అలాంటిది, పది రోజులుగా అతను డ్యూటీలో ఉన్నప్పుడే టెలిస్కోపులో ఏదో ఫోను లాంటి కూత అడ్డు పడుతోంది. ఈ పూట అదెక్కడిదో తేలకపోతే గేటు మనిషినే మార్చేస్తానన్నాడు పెద్ద సారు.

"టీ తాగుతావా పాపా?"

"ఇప్పుడే కదా ఇచ్చారు మావయ్యా. కంగారు పడకండి."

పడకుండా ఎలా ఉంటాడు? ఉద్యోగం సంగతి ఒక్కటే కాదు. రాత్రిళ్ళు ఇదే గేటు కాసే మోహనకృష్ణ తనని కనిపెట్టుకుని తిరుగుతున్నాడు. రాత్రి డ్యూటీ దిగి కూడా ఇంటికి పోకుండా, అదిగో, మూల స్టూలు మీద కూర్చుని తననే చూస్తున్నాడు. మొన్న నిమ్‌పురా యార్డులో పట్టాల పక్కన ఎక్కణ్ణుంచో ఊడిపడి, "పద అన్నా, ఇంటికెల్దాం" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు తాల్‌బగీచా పేటలోనూ అంతే. అసలే అక్కడి సందులు ఈమధ్య రోజుకో తీరుగా మారిపోతున్నాయి. తనెక్కడుంటే అక్కడికి వీడెలా వస్తున్నాడు?

"నీ తమ్ముడికి నా డ్యూటీ ఇప్పిద్దామనే గదరా?" అన్నాడు ఉండబట్టలేక.

"ఊరుకో అన్నా."

"యార్డుకాడికి నా యెనకాల ఎందుకొచ్చినావు? సెప్పు, ఈ పాప ముందే సెప్పు."

"నువ్వెందుకెల్లినావు?" మోహనకృష్ణ మెల్లగా అడిగాడు.

పైడిరాజు బల్ల మీది దువ్వెన అటు తిప్పి ఇటు పెట్టాడు. "నా ఇష్టం," అన్నాడు.

"ఆ సంచీ కూడా దించండి," అంది కిరణ్మయి.

సీటు రెక్సినుతో తను కుట్టుకున్న సంచీ. దించాడు. కూత కూడా దానితోపాటే దిగింది. క్యారేజీ, నీళ్ళసీసా, తువ్వాలు తీసేశారు. ఖాళీ సంచీ కూసింది.

కిరణ్మయి అడుగు తడిమింది. "లోపలేదో పెట్టి కుట్టేశారు. దారం కొత్తది."

పైడిరాజు సంచీని తన వైపు లాక్కున్నాడు. సంచీ తన భుజం దిగేది ఇంట్లో మేకుకి తగిలించినప్పుడే. అంటే ఎవడో ఇంట్లోకి వచ్చాడు. పగలంతా భార్య చిట్టెమ్మ ఒక్కతే ఉండే ఇంట్లోకి.

వంగి చూశాడు. "పని తెలిసినోడి కుట్టమ్మా ఇది. మా వర్క్‌షాపోడే." మోహనకృష్ణ కేసి తిరిగాడు. "నువ్వూ మా షాపోడివే గదరా?"

బ్లేడుతో కోస్తే, బొత్తాం కంటే కాస్త పెద్ద తెల్లబిళ్ళ బల్ల మీద పడింది.

"ట్రాకరు," అంది కిరణ్మయి. "ఇదెక్కడుందో ఎవరి ఫోనులోనో కనిపిస్తూ ఉంటుంది."

"నాది, మేడమ్," మోహనకృష్ణ తల దించుకున్నాడు. "ఫోను నాది. ఇంత సిన్నది మిషనుకి అడ్డమొస్తదని తెల్దు."

పైడిరాజు స్టూలు వైపు ఒక అడుగు వేశాడు. "నన్నేటి సేద్దామనిరా? పోలీసుల్ని పిలు పాపా!"

"సంచీలో పెట్టింది కూడా నువ్వేనా?" కిరణ్మయి మోహనకృష్ణని గద్దించింది.

"కాదు."

"మరెవరు?"

"మాటిచ్చినాను మేడమ్. సెప్పను."

ఆమె సంచీ చీలికలో వేలు పెట్టి, మడతపెట్టిన కాగితం బయటికి లాగింది. తిప్పి చూసి పైడిరాజుకి అందించింది. "తెలుగు. నాకు మాట్లాడ్డమే వచ్చని తెలుసుగా. మీరే చదవండి."

పైడిరాజు కళ్ళజోడు సర్దుకున్నాడు.

'ఈ బిళ్ళ తియ్యకు. పైడిరాజుకి దారులు గుర్తుండడం లేదు. ఎక్కడ తప్పిపోయినా మోహనకృష్ణ వెతికి ఇంటికి తెస్తాడు. చిట్టెమ్మకి చెప్పొద్దు. బెంగపడుతుంది.'

మళ్ళీ మొదటినుంచీ చదివాడు. కాగితం తీసుకెళ్ళి, తెరిచి ఉన్న గేటు పుస్తకం పక్కన పెట్టాడు.

రెండింటిలోనూ రాత తనదే.