ఏమీ రాని ఆంటీ

ఫీజు మొత్తం ఒకేసారి కట్టేసిన మనిషిని ట్రైనర్ తన సర్వీసులో చూడలేదు. సర్వీసంటే పెద్దదేం కాదు. పద్నాలుగు నెలలు.

ఆవిడ బేరం ఆడలేదు. వాయిదాలు అడగలేదు. ఉద్యోగం గ్యారంటీయేనా అని నిలదీయలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"సర్టిఫికెట్ మీద కోర్సు తేదీలు వేస్తారా సార్?"

"తేదీలేం ఖర్మమ్మా, అద్దం కట్టించి మరీ ఇస్తాం" అన్నాడు ట్రైనర్.

నలభై దాటిన మనిషి. మెడికల్ కోడింగ్ నేర్చుకుంటానని వచ్చింది. ఇంట్లో పొద్దుపోక వచ్చి ఉంటుందని ట్రైనర్ తేల్చేశాడు. అయితేనేం, డబ్బు చేదా?

క్లాసులో మిగతా పదకొండు మందీ నిన్నమొన్న డిగ్రీ గట్టెక్కిన పిల్లలు. మొదటి రోజే ఆవిడకు 'ఆంటీ' అని పేరు పెట్టేశారు.

ట్రైనర్ తొలి పాఠం దంచాడు. "డాక్టరు రిపోర్టు రాస్తాడు. మనం చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి చికిత్సకూ ఒక కోడ్ వేస్తాం. ఆ కోడ్ చూసే ఇన్సూరెన్స్ కంపెనీ ఆసుపత్రికి డబ్బిస్తుంది. కోడ్ తప్పిందా, డబ్బు గోవిందా!"

పిల్లలు నవ్వారు. ఆంటీ బుద్ధిగా రాసుకుంది.

నిజానికి ట్రైనర్ కూడా ఏ కంపెనీకీ ఒక్క కోడ్ వేసి ఎరగడు. ఇదే గదిలో మూడు నెలలు నేర్చుకున్నాడు. ఉద్యోగం రాలేదు. బెంచీ మీద కూర్చున్నవాడు లేచి బోర్డు పక్కన నిలబడ్డాడు, అంతే.

ఇప్పుడు ఆ నిలబడ్డ చోటు కూడా ఊగుతోంది. పోయిన బ్యాచ్‌లో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ తన గదిలోకి పిలిచి ముచ్చట తీర్చేశాడు.

"ఏమయ్యా, కోర్సు అయిపోగానే కంపెనీ వాళ్లు టెస్టు పెట్టడానికి వస్తున్నారు. ఒక్కళ్లయినా సెలెక్ట్ కావాలి. లేకపోతే నీ బదులు ఆ బోర్డునే పాఠం చెప్పమంటాను. దానికి జీతం కూడా అక్కర్లేదు."

ట్రైనర్ నవ్వలేకపోయాడు. ఇంట్లో నాలుగు కంచాలు అతని జీతం కోసమే ఎదురుచూస్తుంటాయి.

రెండో వారంలో ఆంటీ నెమ్మదిగా చెయ్యెత్తింది.

"సార్, డాక్టరు ఎడమ మోకాలని రాశారు. మీరు కుడి మోకాలి కోడ్ వేశారు. రెంటికీ ఒకటేనా?"

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకండమ్మా!"

"లేదు సార్, మోకాలికీ మోకాలికే."

క్లాసు గొల్లుమంది. ట్రైనర్ గబగబా బోర్డు తుడిచి, ఈసారి ఎడమ మోకాలి కోడే రాశాడు.

"మీరు మెలకువగా ఉన్నారో లేదో చూద్దామని వేశాను."

"అలాగే సార్" అంది ఆంటీ.

అక్కణ్ణించి ఆవిడ అమాయకపు ప్రశ్నలకు అంతు లేదు. న్యుమోనియాకు కోడ్ వేశాక దానివల్ల వచ్చిన జ్వరానికి మళ్లీ ఎందుకు సార్? కట్టు విప్పించుకోవడానికి వచ్చిన మనిషికి, ఎముక ఇవాళే విరిగినట్టు వేస్తే ఎలా సార్?

ప్రతిసారీ ట్రైనర్ కసురుకునేవాడు. ఇంటికెళ్లి పుస్తకం తిరగేసేవాడు. మర్నాడు అదే సంగతిని సొంత తెలివిలా చెప్పేవాడు. సార్ ఈమధ్య ఇరగదీస్తున్నాడని పిల్లలు చెప్పుకున్నారు. అందరికంటే ముందు ఆ మాట ట్రైనరే నమ్మాడు.

టెస్టు రోజు రానే వచ్చింది. నలభై రిపోర్టులు. రెండు గంటలు. ట్రైనర్ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గంట కాకుండానే ఆంటీ బయటికొచ్చేసింది.

"ఏమ్మా, అప్పుడే వచ్చేశారు? ఏం రాలేదా?"

"అయిపోయింది సార్."

'నా పనీ అయిపోయింది' అనుకున్నాడు ట్రైనర్.

సాయంత్రం ఫలితం చెప్పారు. సెలెక్ట్ అయింది ఒక్కరే. ఆంటీ. నలభైకి నలభై.

డైరెక్టర్ ట్రైనర్‌ని కావలించుకున్నంత పని చేశాడు. "గరిటె తప్ప ఏమీ తెలీని మనిషి! మూడు నెలల్లో ఇంతదాన్ని చేశావంటే, నీ చేతిలో ఏదో మహత్తు ఉందయ్యా!" అని జీతం రెండు వేలు పెంచాడు.

రెండు రోజుల్లో వీధి గుమ్మానికి బ్యానర్ వేలాడింది. 'నిన్న గృహిణి, నేడు మెడికల్ కోడర్!' ఆంటీ ఫొటో. పక్కనే ట్రైనర్ ఫొటో. ఆంటీ ఫొటో కంటే కాస్త పెద్దది.

ఆదివారం కొత్త బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులు ఫీజులు పట్టుకుని హాల్లో కూర్చున్నారు. వాళ్లకు ఆంటీ నాలుగు ముక్కలు చెప్పాలి. తలుపు దగ్గరే ట్రైనర్ ఆవిణ్ణి ఆపాడు.

"ఇక్కడికి వచ్చేముందు కోడింగ్ అంటే ఏంటో కూడా తెలీదని చెప్పండమ్మా. ఇదంతా సార్ పెట్టిన భిక్షే అనండి. మొహమాటపడకండి."

"తప్పకుండా అంటాను సార్. మీ ఉద్యోగమూ నిలబడాలి కదా."

ఆంటీ హాల్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పదకొండేళ్లు ఇదే పని చేశాను సార్, మూడు నెలల కోర్సు చేసిన పిల్లలు సగం జీతానికే దొరుకుతున్నారని నన్ను తీసేస్తే, నేనూ ఇప్పుడే నేర్చుకున్నదాన్నని చెప్పుకోవడానికి మీకు ఫీజు కట్టాను."