ఆఖరి పాటలో చప్పుడు

రేపు ఆపరేషన్. ఈ సాయంత్రమే ఆస్పత్రిలో చేరాలి. అంతకన్నా ముందు సీడీ ఫ్యాక్టరీ కొరియర్ వచ్చి మాస్టర్ డిస్కు పట్టుకుపోతాడు. ఆఖరి పాటలో ఆ పాడు చప్పుడు మాత్రం అలాగే ఉంది.

టిక్.

అంతే. చరణం అయి పల్లవి అందుకునే ముందు, ఆమె ఊపిరి పీల్చుకునే చోట. మామూలు మనుషులకు వినబడనే వినబడదు. అతను మామూలు మనిషైతేగా! పాటల వాళ్ళంతా అతన్ని 'పాముచెవులాయన' అంటారు. రికార్డింగ్ అంతా అయ్యాక పాటలు అతని దగ్గరికొస్తాయి. హెచ్చుతగ్గులు సరిచేసి, చప్పుళ్ళు ఏరిపారేసి, పాటకీ పాటకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో కూడా చూసి, డిస్కుకెక్కించి పంపిస్తాడు.

లోకంలో అందరి పాటలూ అలా ముస్తాబు చేశాడు. ఇంట్లో పాటనే పట్టించుకోలేదు. భార్యది కోరస్. వెనక వరసలో నిలబడి పాడటమే ఆమె పని. "నీ ఒక్కదాని పాటలతో సీడీ తెద్దామే" అని పెళ్ళయిన కొత్తలో అన్నాడు. ఇదిగో అదిగో అంటూ ఏళ్ళు దొర్లించేశాడు. డాక్టరు స్కానింగ్ చూసి, "ప్రాణానికి భయం లేదు. మిగతాదాని మీద మాత్రం ఆశ పెట్టుకోకండి" అన్నాక గానీ బుద్ధి రాలేదు. రేపు దాటితే ఆ గొంతు ఇంక తనకు లేదు.

ఈ వారమంతా పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి ఆమె చేత పాడించాడు. పాడీ పాడీ గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు మెడకు మఫ్లర్ చుట్టుకుని, వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని అతని పక్కనే కూర్చుంది.

"కుడి స్పీకరు సరిగ్గా పలుకుతోందా?"

"పలుకుతోందండీ. బాగుంది. ఇంక ఆపండి."

"టిక్కుమంటోంది, వినబడలా?"

"లేదు. ఉంటే మాత్రం ఏమైంది? ఎవరికి వినబడుతుంది?"

"నాకు."

ఆమె తల దించుకుంది.

తెర మీద ఆ ముక్కను పెద్దది చేసి చూశాడు. గీతల మధ్య ముల్లులా నిలబడి ఉంది. కోసేశాడు. దాంతో పాటు ఊపిరీ తెగింది. పాట మధ్యలో మనిషి పోయినట్టయింది. మళ్ళీ వెనక్కి తెచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో చప్పుళ్ళు తుడిచే ఏర్పాటు ఒకటుంది. అదీ వాడాడు. టిక్కు పోయింది. ఆమె గొంతులోని సన్నటి జీర కూడా పోయింది. ఆ జీర లేకపోతే అది ఎవరి గొంతైనా ఒకటే.

"నీ మొహం మండ!" అని కంప్యూటర్‌ను తిట్టాడు.

"ఏవండీ, ఒక్కసారి ఇటు తిరగండి. మీతో ఓ మాట..."

"ష్! మాట్లాడకు."

బావమరిది లోపలికొచ్చాడు. "బావా, సంచీ కార్లో పెట్టేశాను. ఆలస్యమైతే ఆస్పత్రి వాళ్ళు మనమీద అరుస్తారు. ఈ డిస్కు వేరేవాళ్ళకిస్తే చెయ్యరా? ఓ నెల ఆగి తెస్తే కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయి. మీ అక్క గొంతు మీద ఇంకెవడి చెయ్యీ పడటానికి వీల్లేదు."

"అది కాదురా తమ్ముడూ, నేను చెప్పేదేంటంటే..." అంటూ ఆమె మళ్ళీ నోరు తెరిచింది. గొంతు జీరబోయి దగ్గొచ్చింది.

"నువ్వు ఊరుకోక్కా, గొంతెలా అయిపోయిందో చూడు" అన్నాడు తమ్ముడు.

"తర్వాత చెబుదువు గానిలే" అన్నాడు అతను, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. అని, నాలిక కరుచుకున్నాడు. తర్వాతేమిటి, తన బొంద! ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓదార్చాలనిపించింది. కానీ ఓదారుస్తూ కూర్చుంటే టిక్కు ఎవరు తీస్తారు?

మొదటి పాటలో ఆమె పీల్చిన ఊపిరి ఒకటి కోసుకొచ్చి ఇక్కడ అతికించాడు. అతకలేదు. మూడో పాటలోది తెచ్చాడు. పొడవైంది. ఇంకో పాటలోది తెచ్చాడు. ఆమె ఏదో అనబోతే చెయ్యెత్తి వారించాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు.

కుదిరింది! ఎక్కడా అతుకు తెలియడం లేదు.

వీధి గుమ్మంలో బెల్లు మోగేసరికి డిస్కు ఇంకా వేడిగానే ఉంది. కవర్లో పెట్టి, రెండు చేతులతో కొరియర్ అతనికి అందించాడు. "జాగ్రత్త నాయనా" అన్నాడు. గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

దారంతా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చుంది. ఆస్పత్రిలో గది ఇచ్చారు. తమ్ముడు మందులు తేవడానికి కిందికెళ్ళాడు. ఇద్దరే మిగిలారు.

"ఇందాకట్నుంచీ ఏదో చెప్పాలంటున్నావుగా" అన్నాడు అతను, ఆమె చెయ్యి పట్టుకుని. "ఇప్పుడు చెప్పు. ఎంతసేపైనా చెప్పు. ఇంక నిన్ను ఆపితే ఒట్టు."

ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. గొంతు సవరించుకుంది. రెండు గుటకలు నీళ్ళు తాగింది. మళ్ళీ ప్రయత్నించింది. ఊహూఁ.

"కంగారేం లేదు. మెల్లగా చెప్పు" అన్నాడు. ఆమె అతని భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అంతలో నర్సు వచ్చి, ఆమెను కాస్త పక్కకు జరగమని, అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, కిందటేడే వినికిడి పోయిన కుడిచెవిని వదిలేసి, రేపు కణితితో పాటు నరం కూడా తీసెయ్యబోయే ఎడమచెవి వెనక జుట్టు గొరగడం మొదలుపెట్టింది.