ఉచ్చీరప్ప పడుగు

సుమతి కూతురి చెయ్యి పట్టి లాగింది. వీధిలో పరిచిన నూలు పడుగులో రెండు పోగులు పుటుక్కున తెగాయి.

"ఏమప్పా, మా ఉషను కూలికి పెట్టుకున్నావా?"

ఉచ్చీరప్ప తలెత్తకుండా తెగిన కొసలు ముడేస్తున్నాడు. ఎమ్మిగనూరులో సుమతి వాళ్ల వీధి చివరి గదికి ఏడాది కిందట అద్దెకొచ్చాడు. బడి వదిలితే చాలు, మగ్గానికని వీధి పొడుగునా నూలు పరిచి, కొసలు పట్టుకోమని పిల్లలందరినీ పిలుస్తాడు. రెండు గంటలు ఒకటే ఉరుకులాట, కేకలు.

"పొద్దుండేంతసేపు బయటుండనీ తల్లీ. కండ్లకు మంచిది."

"నువ్వేమన్నా కండ్ల డాక్టరా? నవోదయ పరీక్ష ముందర పెట్టుకోని ఇది వీధిలో ఎగురుతాంటే నీకు సంబరమా? ఇప్పటికే అద్దాలు ఏటేటా మందమైతాండాయి. ఈ నూలు చూసి చూసి ఉన్న చూపూ పోతాది!"

ఉచ్చీరప్ప చేతిలో ముడి ఆగిపోయింది.

గది గుమ్మంలో అతని కూతురు కూర్చుని ఉంది. పెళ్లీడు పిల్ల. ఏనాడూ ఒకరిని చూసి నవ్విన పాపాన పోలేదు. ఎంత పొగరో అనుకుంది సుమతి.

మిగతా తల్లులూ పిల్లల్ని మానిపించారు. వారానికి గది ఖాళీ అయింది. పీడా పోయింది అనుకున్నారు.

నెల తర్వాత ఆదోనిలో కండ్ల డాక్టరమ్మ ఉషను పరీక్షించి, పాత చీటీలు తిరగేసింది.

"పోయిన రెండేండ్లూ అద్దాల పవరు ఒక్కో పాయింటు పెరిగింది. ఈ ఏడు పావు కూడా పెరగలేదు. ఏం చేసినారమ్మా?"

"క్యారెట్ పెట్టినా మేడం."

"దాంతో కాదు. బయట ఆడుతుందా?"

సుమతి ఉష వైపు చూసింది.

"దినామూ రెండు గంటలు... పడుగు పట్టేది."

"అదే మేలు చేసుంటుంది. మానిపించొద్దు."

బస్సు దిగి ఇంటికైనా పోకుండా, గది ఓనరు వెంకటేశ్వరమ్మ దగ్గరికి ఉరికింది సుమతి.

"అత్తా, ఆయప్ప యాడికి పోయినాడు? మగ్గం యాడ పెట్టుకున్నాడు?"

"మగ్గమా? ఆయప్పకు ఇప్పుడు మగ్గం యాడిదే! దినామూ అదే నూలు పరుస్తాండె, చుడతాండె. పిల్లలుండే వీధి ఇంకోటి చూసుకుంటానని పోయినాడు."

"మగ్గం లేనోనికి పడుగెందుకత్తా?"

"వాళ్ల పిల్లకూ చిన్నప్పుడు మీ ఉష మాదిరే అద్దాలుండె. బయటికి పంపకుండా మగ్గం కాడ కూర్చోబెట్టినాడంట. అద్దాలు మందమై మందమై..."

వెంకటేశ్వరమ్మ గొంతు తగ్గించింది.

"ఆ పిల్లకు రెండు కండ్లూ కనపడవే సుమతీ."